పాయసం అడుగున నూకరాజు

సినిమా చూడ్డం మానేసి, సినిమా ఎలా తీశారో చెప్పుకోవడం మొదలుపెట్టాక మన జనానికి బొత్తిగా తీరిక లేకుండా పోయింది. ఏ టీకొట్టు బల్ల మీద చెవి పెట్టినా అవే కబుర్లు. ఫలానా సీనులో హీరో తొడుక్కున్న చొక్కా కెమెరామన్ బావమరిదిదట. ఫలానా పాటలో వాన నిజం వానేనట, గొడుగే అబద్ధమట. ఇంతకీ కథేమిటయ్యా అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. కథ తెర మీద ఉంటుంది. వీళ్ళకి తెర వెనక తప్ప పనిలేదు.

"జట్కా అల్లుడు" అని అరవై అయిదేళ్ళ కిందటి నలుపు తెలుపు బొమ్మ ఒకటుంది. పెళ్ళికొడుకు జట్కా ఎక్కి విడిదికి వస్తుంటే గుర్రం బెదిరి నేరుగా వంటశాలలోకి దూరుతుంది. పెళ్ళికొడుకు గాల్లోకి లేచి పాయసం గుండిగలో పడతాడు. ఆ పడ్డం చూసి మూడు తరాల తెలుగువాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. అది ఎన్ని టేకుల్లో తీశారన్న దాని మీద రెండు అభిమాన సంఘాల వాళ్ళు ఒక కళ్యాణమండపంలో కుర్చీలు విసురుకున్నారు. ఒకరు తొంభై మూడన్నారు, ఒకరు నూట ఏడన్నారు. పద్నాలుగు టేకుల తేడాకి పదకొండు మందికి కట్లు పడ్డాయి.

ప్రభుత్వం వారు చూస్తూ ఊరుకుంటారా. "చలనచిత్ర తెరవెనుక విశేషాల నిర్ధారణ మండలి" అని ఒకటి వేశారు. విశాఖపట్నంలో దానికొక భవనం, భవనానికొక ప్రహరీ, ప్రహరీకొక బోర్డు. ఆ మండలి ముందుగా చేపట్టిన బొమ్మ ఇదే. దీన్ని శుభ్రంగా కడిగి, గీతలు తుడిచి, పెద్ద హాల్లో మళ్ళీ వేస్తామన్నారు. చివర్లో పనిచేసిన ప్రతివాడి పేరూ, టీ అందించినవాడితో సహా, తెర మీద వేస్తామన్నారు.

ఆ బొమ్మకి పనిచేసిన వాళ్ళలో ఊపిరి పీలుస్తున్నవాడు ఇంకా ఒక్కడే మిగిలాడు. పిల్లి తాతబ్బాయి. అప్పట్లో పందొమ్మిదేళ్ళు, మద్రాసులో ప్రాపర్టీ మనిషి. అంటే సీనుకి చెంబు కావాలంటే చెంబు, చేట కావాలంటే చేట తెచ్చి పెట్టేవాడన్నమాట. ఇప్పుడు ఎనభై నాలుగు. తునిలో కూతురి కుట్టుమిషన్ కొట్లో కూచుని, చొక్కాలకి గుండీలు కుడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. గుండీ గుండీకీ ఒక కోత.

ఆయన అబద్ధాలకోరని అనడానికి లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే వినేవాడి టీ చల్లారిపోతుందని ఆయన బాధ. అరవై ఏళ్ళలో ఎంతమంది పత్రికల వాళ్ళు వచ్చినా ఒక్కడినీ వట్టి చేతులతో పంపలేదు. గుర్రం పేరు చక్రవర్తి అని ఒకడికి చెప్పాడు. అది ఇత్తడి గ్లాసులో ఫిల్టర్ కాఫీ పోస్తే తప్ప సెట్టు మీదికి వచ్చేది కాదని ఇంకొకడికి చెప్పాడు. పాయసం కోసం నాలుగు వందల లీటర్ల పాలు కాచారనీ, ఆ పూట కోడంబాకం మొత్తానికి కాఫీ లేదనీ మరొకడికి చెప్పాడు.

ఒకనాడు మిషన్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ పైడితల్లి వచ్చింది. పాయకరావుపేట నుంచి ఆటోలో, నల్లద్దాలు పెట్టుకుని.

"అన్నయ్యా, నీ నోటికి తాళం ఉందా?"

"ఉండేదమ్మా. తాళంచెవి మద్రాసులో పోయింది. కూచో."

"కూచోడానికి రాలేదు. బొమ్మ మళ్ళీ వేస్తారట. అందరి పేర్లూ వేస్తారట. మా ఆయన పేరు వేయించు."

తాతబ్బాయి సూది ఆగిపోయింది.

పైడితల్లి భర్త బోని నూకరాజు. డూపు. హీరోగారికి మోకాళ్ళు బాగుండేవి కావు. గుండిగలో పడ్డది నూకరాజు. తెర మీద ఆ బొమ్మలో ఎక్కడా ఆయన పేరు లేదు, డూపులకి పేర్లు వేసే అలవాటు అప్పట్లో లేదు. అంతవరకూ తాతబ్బాయి తప్పు కాదు. నలభై ఏళ్ళ కిందట ఒక వారపత్రిక వాడు వచ్చి, ఆ పడ్డది ఎవరండీ అని అడిగితే, "హీరోగారేనయ్యా, వద్దన్నా వినకుండా దూకారు, నూట ఏడుసార్లు" అన్నాడు. అది మాత్రం తాతబ్బాయి చేతిపనే. అప్పటికి హీరోగారు బతికే ఉన్నారు, చదివితే సంతోషిస్తారనుకున్నాడు. నూకరాజూ చదివాడు. "బాగానే కోశావురా" అని నవ్వేసి ఊరుకున్నాడు. తరవాత పదేళ్ళకి పోయాడు.

"మనవలకి చెబితే నవ్వుతున్నారు" అంది పైడితల్లి. "ఫోను తీసి చూపిస్తారు. హీరోగారే దూకారట మామ్మా, నూట ఏడుసార్లట అంటారు. ఎవడు చెప్పాడ్రా అంటే తాతబ్బాయి తాతే అంటారు. ఆ గుండిగ అంచు తగిలి ఆయన కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు. ఉన్నన్నాళ్ళూ ఆయన తల నేను దువ్వాను. ఆ సంగతి నీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"నా ఎడం కన్ను పోయింది. కుడిది ఈ ఏడాది దాకా చూస్తుందన్నాడు డాక్టరు, ఆపైన ఆయన పూచీ లేదట. ఉన్న కంటితో తెర మీద ఆ పేరు చూడాలి. నీ నోటితో పోయింది, నీ నోటితోనే తే."

ఆమె వెళ్ళాక తాతబ్బాయి ఒక చొక్కాకి తొమ్మిది గుండీలు కుట్టాడు. దానికి కాజాలు ఏడే ఉన్నాయి.

మర్నాడే రైలెక్కి మండలికి వెళ్ళాడు. సభ్యకార్యదర్శి డాక్టర్ చక్రధరం గారు కుర్చీ చూపించి, మొత్తం విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తమ విన్నపం సానుభూతితో పరిశీలించదగినదే. అయితే స్వభావరీత్యా అది అచ్చుపూర్వ దశలో ఉన్నది."

"అంటే ఏంటండీ?"

చక్రధరం గారు గోడమీది పటం చూపించారు. మండలి నియమావళి. ఏ విశేషమైనా మూడుచోట్ల అచ్చయి ఉంటే వాస్తవం. రెండుచోట్ల అయితే అర్ధవాస్తవం. ఒకచోట అయితే వదంతి. ఎక్కడా అచ్చు కాకపోతే అబద్ధం.

"నూకరాజు గారు పడినట్టు ఎక్కడా అచ్చు కాలేదు. కనుక తమరు చెప్పినది నాలుగో తరగతి."

"నేను అక్కడున్నానండీ. గుండిగ తెచ్చింది నేను. అందులో పోసింది పాయసం కాదు, గోడలకి పోస్టర్లంటించే మైదా జిగురు. మరీ తెల్లగా ఉంటే కెమెరాకి జిగేలుమంటుందని రెండు చెంబుల టీ డికాక్షన్ కలిపాను. ఉన్నది ఒక్క గుండిగెడు జిగురు, అంచేత తీసింది ఒక్కటే టేకు. పడ్డది నూకరాజు."

పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు గవర్రాజు ఫైలు తిరగేశాడు. "వాస్తవం నలభై ఒకటి, పాయసంలో నాలుగు వందల లీటర్ల పాలు. వాస్తవం రెండు, నూట ఏడు టేకులు. వాస్తవం ఒకటి, హీరోగారు స్వయంగా పడుట. ఈయన చెప్పేది మూడింటికీ విరుద్ధమండి."

"ఆ మూడూ నేను చెప్పిన కోతలే బాబూ."

"ఎవరు చెప్పారన్నది మండలికి అప్రస్తుతం" అన్నారు చక్రధరం గారు, జాలిగా. "తమరు చెప్పడం వల్ల అవి వాస్తవాలు కాలేదు. అచ్చవడం వల్ల అయ్యాయి. ఇప్పుడు తమరు కాదన్నంత మాత్రాన అవి బాధపడవు."

"మరి దారేంటండీ?"

"తొమ్మిదో నియమం ఉంది. నిర్ధారిత వాస్తవాన్ని ప్రత్యక్షసాక్షి ప్రశ్నించవచ్చును."

"అమ్మయ్య. నేను ప్రత్యక్షసాక్షినే కదా."

"అది తమ అభిప్రాయం. ప్రత్యక్షసాక్షిగా నమోదు కావడానికి అర్హత పరీక్ష ఉన్నది. వచ్చే ఆదివారం."

పరీక్ష ఒక ప్రాథమిక పాఠశాలలో పెట్టారు. రెండో తరగతి పిల్లల బల్ల మీద తాతబ్బాయి మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూచున్నాడు. పక్క బల్లలో గుంటూరు నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, వంశీధర్ అని, ముప్పై రెండేళ్ళవాడు. పుట్టకముందు నుంచీ ఆ బొమ్మంటే ప్రాణమట.

"మీరూ రాస్తున్నారా తాతగారూ? ప్రిపేరయ్యారా?"

"నేను అక్కడే ఉన్నాను నాయనా."

"అలా అనుకుంటే ఫెయిలవుతారండి. పోయినసారి కెమెరామన్ తమ్ముడు అలాగే వచ్చి ఫెయిలయ్యాడు."

యాభై ప్రశ్నలు. మొదటిది, గుర్రం పేరేమి? తాతబ్బాయి ఆలోచించాడు. దానికి పేరు లేదు, బండివాడు "ఏయ్" అనేవాడు. అదే రాశాడు. పదకొండోది, గుర్రం ఏ పాత్రలో కాఫీ తాగెను? గుర్రం కాఫీ తాగదు, కుడితి తాగును, అని రాశాడు. ఇరవయ్యోది, హీరోయిన్ నవ్వు ఆపుకోలేకపోయినందున షూటింగు ఎన్ని రోజులు ఆగెను? ఆ రోజు హీరోయిన్‌గారు రాలేదు, జ్వరం, అని రాశాడు. ఇది ఎవరికి చెప్పానబ్బా అని గుర్తు తెచ్చుకోబోయి, ఎవడో కాలేజీ సంచిక వాడికి చెప్పినట్టు లీలగా తోచింది. ప్రతి ప్రశ్నా తన పాత కోతే. తన పిల్లలే పెద్దవాళ్ళయి, ఉద్యోగాలొచ్చి, తనని గుర్తుపట్టనట్టు వరసగా నిలబడ్డారు. ఒక్కోసారి చెయ్యి దానంతటదే పాత జవాబు వైపు పోతోంది. నూకరాజు భుజం తలుచుకుని ఆపుకున్నాడు. జీవితంలో మొదటిసారి యాభైకి యాభై నిజాలు రాశాడు.

నాలుగు మార్కులొచ్చాయి. అవి కూడా చేతిరాత బాగున్నందుకు.

పళ్ళ డాక్టరుకి యాభైకి యాభై. ఆయన్ని ప్రత్యక్షసాక్షి నంబరు ఒకటిగా నమోదు చేసి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. తాతబ్బాయికి ఉత్తరం వచ్చింది. "తమరు పై చిత్ర నిర్మాణ సమయమున సదరు స్థలమందు లేనట్లు ఇందుమూలముగా నిర్ధారించడమైనది. తదనుగుణముగా యూనిట్ ఫోటోయందు ఎడమనుండి మూడవ వ్యక్తికి గల తమ పేరు తొలగించి, గుర్తు తెలియని వ్యక్తి, బాల్చీతో, అని సవరించడమైనది."

కూతురు ఉత్తరం చదివి వినిపించి, "నాన్నా, మరి నువ్వు ఆ ఏడాది ఎక్కడున్నట్టు?" అంది.

"అదే నాకూ అర్థం కాటం లేదమ్మా" అన్నాడు తాతబ్బాయి.

ఇక మిగిలింది అచ్చు. సరే, మూడుచోట్ల అచ్చేయిద్దామని బయల్దేరాడు. ఈసారైనా నిజమే చెప్పాలని గట్టిగా అనుకున్నాడు. కాకినాడలో ఒక సాయంకాలం పత్రిక ఆఫీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సబ్ ఎడిటరు పెన్ను మూత తియ్యలేదు.

"అంతేనా తాతగారూ? ఒకాయన పడ్డాడు. ఒక్కసారి పడ్డాడు. జిగురులో పడ్డాడు. మా వీధిలో రోజుకి ముగ్గురు పడతారు, వాళ్ళ గురించి వేస్తున్నామా?"

"చెయ్యి పోయిందయ్యా ఆయనకి."

"అది నవ్వొచ్చే సినిమా కదండీ."

తాతబ్బాయి లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నూట ఏడుసార్లూ నూకరాజే పడ్డాడు. నూట ఆరోసారి లోపలికెళ్ళినవాడు ఎంతకీ పైకి రాకపోతే గరిటేసి వెతికారు."

వెనక పెన్ను మూత తీసిన చప్పుడైంది.

ఆ తరవాత ఆగలేదు. కొబ్బరి వర్తకుల సంఘం వాళ్ళు వార్షిక సంచిక వేస్తున్నారంటే వెళ్ళి, నూకరాజు నలభై అడుగుల కొబ్బరిచెట్టు మీంచి గుండిగలోకి దూకాడనీ, చెట్టు పాలకొల్లు నుంచి లారీలో తెప్పించారనీ చెప్పాడు. పాలకేంద్రం వాళ్ళ సంచికలో, ఆ పాల చలవ వల్లే నూకరాజుకి ఒక్క దెబ్బా తగల్లేదని వేయించాడు. అది చెప్పేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి, మంచినీళ్ళు అడిగి తాగి పూర్తిచేశాడు.

మూడు సంచికలూ పట్టుకుని పైడితల్లికి చదివి వినిపించాడు.

"దెబ్బ తగల్లేదని రాయించావా?" అందామె.

"రాయించానమ్మా. తగిలిందంటే వెయ్యరట."

ఆమె కొబ్బరి వర్తకుల సంచిక అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. "చెట్టు మాత్రం బాగుంది" అంది. "ఆయనకి చెట్టెక్కడమంటే భయం."

మూడు నెలలకి మండలి పరిశోధన విభాగం వారు స్వయంకృషితో ఈ విశేషాన్ని కనుగొన్నారు. మూడు సంచికల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, నూకరాజు గుండిగలో పడుట. అది వాస్తవం రెండువందల పదమూడు అయింది. అక్కడ చిక్కొచ్చింది. వాస్తవం ఒకటి ప్రకారం పడ్డది హీరోగారు. రెండువందల పదమూడు ప్రకారం పడ్డది నూకరాజు. ఏదో ఒకటి తీసేద్దామంటే నియమావళిలో వాస్తవాన్ని చేర్చుకోవడానికి దారి ఉంది గానీ తీసెయ్యడానికి లేదు. తొమ్మిది మంది సభ్యులు మూడు రోజులు కూచున్నారు. ఆ సీను నిదానంగా ఇరవై ఆరుసార్లు వేయించుకు చూశారు. తెర మీద కనిపిస్తున్నది ఒక్క పంచె, ఒక్క జత కాళ్ళు.

"కనిపిస్తున్నది ఒకరు" అన్నారు చక్రధరం గారు. "పడినవారు ఇద్దరు. కనుక?"

సభ్యులు తలలు వంచి ఆలోచించారు.

"కనుక రెండోవారు అడుగున ఉన్నారు."

బల్లలు చరిచారు. అయినా పద్ధతి ప్రకారం ప్రత్యక్షసాక్షిని పిలిపించారు. పళ్ళ డాక్టరు మెడలో కార్డుతో వచ్చి సాక్ష్యం చెప్పాడు. "అవునండీ. ముందు నూకరాజు గారు పడ్డారు. ఆయన మీద హీరోగారు పడ్డారు. నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది." పుట్టడానికి ముప్పై మూడేళ్ళ ముందు చూసిన దృశ్యం అంత స్పష్టంగా గుర్తున్నందుకు సభ్యులు ఆయన్ని అభినందించారు.

ఎవరో తాతబ్బాయిని కూడా అడుగుదామా అన్నారట. లేని మనిషిని ఎలా పిలుస్తామని గవర్రాజు ఫైలు మూసేశాడట.

బొమ్మ వేసిన రోజు హాలు కిటకిటలాడింది. తాతబ్బాయి టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు. పైడితల్లిని మాత్రం "అడుగున ఉన్నవారి సతీమణి" హోదాలో ముందు వరసలో కూచోబెట్టారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే తాతబ్బాయి అందులో సర్దుకున్నాడు. ఆమె నల్లద్దాలు తీసి, కుడికన్ను చీరకొంగుతో తుడుచుకుని రెడీగా ఉంది.

ముందు పళ్ళ డాక్టరు స్టేజీ ఎక్కి అరగంట ప్రసంగించాడు. చక్రవర్తి కాఫీ దగ్గర మొదలుపెట్టి పాయసం దాకా వచ్చేసరికి హాలంతా చప్పట్లు. ఇంత బాగా తను ఏనాడూ చెప్పలేదని తాతబ్బాయికే అనిపించింది. పళ్ళ డాక్టరు దిగి వచ్చి పైడితల్లి చేతులు పట్టుకున్నాడు.

"మీవారు లోపలికి వెళ్ళడం నేను కళ్ళారా చూశానమ్మా."

"అలాగా బాబూ" అంది పైడితల్లి. "మరి పైకొచ్చాక ఏమన్నాడు?"

డాక్టరు నోరు తెరిచాడు. అది ఏ సంచికలోనూ లేదు. కార్డు సర్దుకుని, మండలి వారిని అడిగి చెబుతానని వెళ్ళిపోయాడు.

లైట్లు ఆర్పారు. జట్కా వచ్చింది, గుర్రం బెదిరింది, పెళ్ళికొడుకు గాల్లోకి లేచాడు. హాలు హాలంతా ఒక్కపెట్టున నవ్వింది. పైడితల్లి నవ్వలేదు. గుండిగ అంచు కనిపించినప్పుడు ఆమె చెయ్యి వచ్చి తాతబ్బాయి చేతి మీద పడింది.

చివర్లో పేర్లు మొదలయ్యాయి. దర్శకుడు, కెమెరా, మాటలు, వంటవాళ్ళు, టీ. ఆఖరికి వచ్చింది.

పాయసం అడుగున : బోని నూకరాజు

దాని కింద ఇంకొకటి. బాల్చీతో : గుర్తు తెలియని వ్యక్తి.

"అదుగోనమ్మా" అన్నాడు తాతబ్బాయి.

"కనిపిస్తోంది. బోనికి ఒత్తులూ అవీ లేకుండా బాగానే వేశారు." పేరు వెళ్ళిపోయేదాకా చూసి అద్దాలు పెట్టుకుంది. "అడుగున అని ఎందుకన్నయ్యా?"

"పైన చోటు లేదమ్మా."

ఆమె తల ఊపింది. జనం లేస్తున్నారు. ఆమె మాత్రం కూచునే, "నువ్వు చెప్పు, పైకొచ్చాక ఏమన్నాడు? నేను ఎన్నిసార్లు అడిగినా నవ్వేసేవాడు" అంది.

తాతబ్బాయికి ఇది కోయడానికి మనసు రాలేదు. ఆ రోజు నూకరాజుని గుండిగలోంచి లాగింది తనే. పంపు కింద కూచోబెట్టి, ఆరి బిగుసుకుపోయిన జిగురుని వేణ్ణీళ్ళూ కొబ్బరినూనె పెట్టి గంటన్నర వలిచాడు. కుడిచెయ్యి వేలాడుతోంది. చెవుల్లో జిగురు, ముక్కులో జిగురు. నోరు ఖాళీ అవగానే అన్నది ఒకే మాట.

"ముఖం కనిపించిందా అని అడిగాడమ్మా. డూపు ముఖం కనిపిస్తే షాటు పనికిరాదు కదా. ఉన్నది ఒక్క గుండిగెడు జిగురు. లేదురా, ఎక్కడా కనిపించలేదు అన్నాను. అయితే సరేనని నవ్వాడు."

పైడితల్లి కొంగు సర్దుకుంది.

"ఇది ఎక్కడా అచ్చేయించకు అన్నయ్యా" అంది. "ఈ ఒక్కటైనా మన దగ్గర అబద్ధంగానే ఉండనీ."

అంతలో వెనక వరసలోంచి గవర్రాజు మెడ సాచాడు, చేతిలో పుస్తకంతో. "ఏదో కొత్త విశేషం చెబుతున్నట్టున్నారు?"

"ఏం లేదు బాబూ. గుర్రం సంగతి."

"చక్రవర్తి గురించా?"

తాతబ్బాయి లేచి, పైడితల్లికి చెయ్యి అందించాడు.

"ఆఁ, చక్రవర్తే. కాఫీలో పంచదార ఎక్కువైందని ఓ రోజు అలిగింది."

గవర్రాజు పెన్ను తీసి రాసుకున్నాడు.